మసకపేటకు పచ్చ బోర్డు

ఈ కథలో ఒక్క అబద్ధం ఉందని ఎవరైనా రుజువు చేస్తే నా మీసం తీయించుకుంటాను. అది అల్లాటప్పా మీసం కాదు. అటో నిమ్మకాయ, ఇటో నిమ్మకాయ నిలబెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూపించిన మీసం. కాబట్టి అనుమానాలు పక్కన పెట్టి వినండి.

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాలి. తమ కంపెనీ మొన్న విడుదల చేసిన ఆన్‌లైన్ ఆటలోకి ఆయన్ని పంపాలి. ఆయన చేత "బాగుంది" అని ఒక్క ముక్క రాయించాలి. తర్వాత గొడుగు పట్టుకుని ఆఫీసుకు పోవాలి. అంతే.

ఆ ఆట పేరు మసకపేట. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఆ ఊళ్ళో తలా ఒక ఇల్లు పుచ్చుకుని, ఏట్లో చేపలు పట్టుకుంటూ, ఇరుగుపొరుగుతో కబుర్లాడుకుంటూ ఉండాలి. ఊరి నిండా పొగమంచు, ఎడతెగని ముసురు. పొగమంచు అందం కోసం పెట్టామని కంపెనీ బయట చెప్పుకుంది గానీ, దూరాన ఏమీ కట్టలేదు గనక కనపడకుండా ఉండడానికి పెట్టారని లోపలివాళ్ళకు తెలుసు. ఊళ్ళో ఇళ్ళన్నీ తెర మీద కట్టినవాడు అల్లుడే. వచ్చినవాళ్ళు ఒక పూట తిరిగి, "పూర్తయ్యాక కబురు పెట్టండి, వస్తాం" అని రాసి పోతున్నారు.

కిందటి సాయంత్రం కంపెనీ మేడం అందర్నీ పిలిచి చెప్పింది. "ఎల్లుండి డబ్బు పెట్టినవాళ్ళు వస్తున్నారు. ఊళ్ళో జనం ఉంటే మనం ఉంటాం. లేకపోతే దీపాలార్పేసి, తాళం నా చేతిలో పెట్టి ఎవరిళ్ళకు వాళ్ళు పోవడమే. ఈలోగా ఇంట్లోవాళ్ళ చేతో చుట్టాల చేతో, ఎవరి చేతైనా సరే, నాలుగు మంచి మాటలు రాయించండి."

భార్య చేత అల్లుడు అప్పటికే రాయించాడు. ఇక మిగిలింది మామగారు.

మామగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కట్టడాల ఇన్‌స్పెక్టరు. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు పిలిస్తే టేపు పట్టుకుని వెళ్ళి, గోడలు తట్టి, తలుపులు ఊపి, మెట్లు కొలిచి, ఇల్లు పూర్తయిందో లేదో తేల్చడం ఆయన పని. అయిందంటే పచ్చ బోర్డు, కాలేదంటే ఎర్ర బోర్డు. సర్వీసు మొత్తంలో ఆయన పచ్చ బోర్డు పెట్టిన పాపాన పోలేదు. ఆఫీసువాళ్ళిచ్చిన పచ్చ బోర్డుల కట్టను విప్పకుండానే పదవీ విరమణ నాడు తిరిగి అప్పగించాడు. జనం ఆయన అసలు పేరు మరిచిపోయి 'కాలేదుగారు' అనేవారు. ఆయన గేటు తీసిన చప్పుడు వింటే, ఎండిన సిమెంటు కూడా భయంతో మళ్ళీ పచ్చిగా మారేదట. చివరకు తను కట్టుకున్న ఇంటిని సైతం ఆయన వదల్లేదు. మేడమెట్లలో ఒకటి మిగతావాటికంటే బొటనవేలు మందం ఎత్తు వచ్చిందని తన ఇంటికి తనే ఎర్ర బోర్డు తగిలించి, తాళం వేసి, కూతురింట్లో వెనకగదికి వచ్చి చేరాడు. అప్పటినుంచి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వానలో ఎదురింటి గోడ నెమ్మెక్కడం చూస్తూ నిట్టూర్చడమే ఆయన కాలక్షేపం.

"మామగారూ, ఇది మేం కొత్తగా కట్టిన ఊరు. ఒకసారి అలా తిరిగి చూసి, ఎలా ఉందో రాయండి" అన్నాడు అల్లుడు.

మామగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇళ్ళు కట్టిందెవరు?"

"నేనేనండీ."

"చూడమని మీరే పిలుస్తున్నారా?"

"అవునండీ, నేనే పిలుస్తున్నాను."

ఆ రెండో ప్రశ్న ఎందుకొచ్చిందో అల్లుడు ఆలోచించలేదు. కట్టినవాడు తన నోటితో పిలిస్తే తప్ప ఇన్‌స్పెక్టరు గడప తొక్కకూడదన్నది మామగారి పాత నియమం. పిలిచాక మధ్యలో ఆపే హక్కు ఆ పిలిచినవాడికి కూడా లేదన్నది దాని రెండో సగం. పైగా బస్సు వేళవుతోందని, కొత్త ఖాతా తెరిచే ఓపిక లేక, అల్లుడు తన ఆఫీసు ఖాతాతోనే ఆయన్ని లోపలికి పంపాడు. ఆఫీసు ఖాతాతో వెళ్ళినవాళ్ళ బొమ్మకు బూడిదరంగు పొడుగు కోటు, నెత్తిన టోపీ ఉంటాయి. ఆ కోటు బొమ్మ ఎక్కడ కావాలంటే అక్కడ బోర్డు పాతగలదు. ఇంకెవరూ పాతలేరు, పీకలేరు.

"నచ్చితే ఒక్క మాట రాయండి, చాలు" అంటూ అల్లుడు గొడుగు తీసుకున్నాడు.

"నచ్చడం నా డిపార్ట్‌మెంటు కాదు అల్లుడుగారూ" అన్నాడు మామగారు, సొరుగులోంచి టేపు తీస్తూ.

ఆఫీసు ఒక పెద్ద భవనంలో అన్నిటికంటే కింది అంతస్తులో ఉంది. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ తడి చెప్పులు తప్ప ఇంకేమీ కనిపించవు. టీ మిషను మీద 'పాడైంది' అన్న కాగితం మసకపేటకు శంకుస్థాపన జరిగిన నాటినుంచీ ఉంది. అల్లుడు గొడుగు దులుపుకుని కూర్చున్నాడో లేదో, పక్క కుర్చీలోంచి నీళ్ళమ్మాయి పిలిచింది. ఆటలో వాన, ఏరు, చెరువు అన్నీ ఆ పిల్ల చేసినవే గనక అందరూ ఆమెను అలాగే అంటారు.

"అన్నా, నువ్విక్కడున్నావు. నీ కోటేంటి అక్కడ తిరుగుతోంది?"

అల్లుడు తెర వైపు చూశాడు. ముసురులో కోటు బొమ్మ ఇల్లిల్లూ తిరుగుతోంది. గోడ గోడకూ ఆనుకుని అడుగులు కొలుస్తోంది. తలుపులు నాలుగేసి సార్లు తీసి మూస్తోంది. బయటికొచ్చి ఎర్ర బోర్డు పాతుతోంది.

'పొయ్యి ఉంది. పొగగొట్టం లేదు. కాలేదు.'

'మెట్లు పైకి వెళ్ళాయి. పై అంతస్తు రాలేదు. కాలేదు.'

'ఈ తలుపు తీస్తే గోడ. పక్కింటావిడను అడిగితే మొదట్నుంచీ ఇంతే అంది. కాలేదు.'

'ఊరు మొత్తానికి ఒక్క స్నానాలగది లేదు. అందరూ దూరం దూరంగా నిలబడాలి. కాలేదు.'

ప్రతి బోర్డు కిందా 'అయ్యేదాకా లోపల ఎవరూ ఉండరాదు' అని ఉంది. కోటు కంపెనీది, కాబట్టి హుకుం కూడా కంపెనీదేననుకుని, ఊళ్ళో మిగిలిన ఆ కొద్దిమందీ ఇళ్ళు ఖాళీ చేసి, చేతిలో చేపలు పట్టుకుని వానలో నిలబడ్డారు. అల్లుడు చటుక్కున లేచాడు. వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ చేశాడు.

"మామగారూ, ఏం చేస్తున్నారండీ?"

"డ్యూటీ."

"నేను ఊరికే చూడమన్నాను కదండీ!"

"చూసి ఊరుకోడానికి నేనేమన్నా చుట్టపుచూపుగా వెళ్ళానా? అవును గానీ, ఈ వంతెన సగంలో ఆగిపోయింది. తక్కిన సగం ఎక్కడ?"

"పొగమంచులో ఉందండీ."

"పొగమంచులోకి కూడా వెళ్ళొచ్చాను. అక్కడా లేదు" అని మామగారు ఫోన్ పెట్టేశాడు.

అల్లుడు లోపలికి వచ్చేసరికి మేడం అతని కుర్చీ వెనకాలే నిలబడి ఉంది. "ఎవరు నాయనా ఈ కోటాయన?"

"కనుక్కుంటున్నాను మేడం."

"బయటికి గెంటేద్దామా మేడం?" అంది నీళ్ళమ్మాయి.

మేడం నిట్టూర్చింది. "గెంటితే దాస్తున్నామంటారు. ఆయన రాసిందాంట్లో ఒక్క అబద్ధం ఉన్నా గెంటేద్దును. అన్నీ నిజాలే, అదే నా ఏడుపు. సాయంత్రంలోగా అవన్నీ కట్టేయండి. ఆయన చేతే పచ్చ బోర్డు పెట్టిద్దాం."

ఇక చూడండి, కట్టడం. అల్లుడు ప్రతి ఇంటికీ పొగగొట్టం పెట్టాడు. ప్రతి ఇంటికీ స్నానాలగది పెట్టాడు. స్నానాలగది అన్నాక తూము ఉండాలి, తూము అన్నాక అది ఎక్కడికో పోవాలి. నీళ్ళమ్మాయి తూములన్నిటినీ తీసుకెళ్ళి ఏట్లో కలిపింది. ఆ ఏరు చూడ్డానికి ఏరే గానీ, కిందికి పోయే దారి ఇంకా కట్టలేదు. ఆ సంగతి ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుకు రాలేదు. మసకపేటలో వాన ఆగదన్న సంగతి కూడా. ఏరు నిండింది. పోవడానికి ఇంకో దారి లేక, కొత్త తూముల్లోంచి వెనక్కి తిరిగి, ఇంటింటి స్నానాలగదిలోంచీ పైకి పొంగింది. మంచాలు తేలాయి. చెరువులో ఉండాల్సిన బాతులు పడకగదుల్లో ఈదుతూ, గోడకు కొట్టుకున్న చోటల్లా కొత్తగా కొన్ని బాతుల్ని పుట్టించాయి. అది ఎందుకు జరిగిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

కోటు బొమ్మ మోకాటిలోతు నీళ్ళలో నెమ్మదిగా ఊరి పొలిమేరకు నడిచింది. అక్కడి పెద్ద గేటు ముందు, అన్నిటికంటే పెద్ద ఎర్ర బోర్డు పాతింది.

'ఊరు మొత్తం కాలేదు.'

సాయంత్రం అల్లుడు ఇల్లు చేరేసరికి మామగారు తెరకు టేపు ఆనించి ఏదో కొలుస్తున్నాడు. దుకాణం నుంచి అప్పుడే వచ్చిన భార్య, సంగతంతా విని, చెప్పులైనా విప్పకుండా తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, రేపటితో ఆయన ఉద్యోగం పోతుందట. ఆ పచ్చ బోర్డేదో పెట్టేస్తే నీ సొమ్మేం పోయింది?"

"పొగగొట్టాలు పెట్టారమ్మా, ఒప్పుకుంటాను. పొగ బయటికి రావడం లేదు, లోపలికి పోతోంది."

"అది ఆట నాన్నా! నిజం ఊరు కాదు."

"నిజం మనుషులే కదా అందులో తిరిగేది? మరి అబద్ధం బోర్డు ఎలా పెట్టను?"

"నీ జన్మలో ఒక్కదాన్ని అయిందన్నావా అసలు? మనిల్లు కూడా అలాగే పాడుబెట్టావు."

మామగారు టేపును ఒకసారి లాగి వదిలాడు. "అయిందన్న రోజునుంచి ఆ ఇంటిని ఎవరూ చూడరమ్మా. కాలేదన్నంతకాలం మేస్త్రీ వస్తాడు, వడ్రంగి వస్తాడు, ఇంటావిడ వచ్చి కిటికీ ఇటుండాలా అటుండాలా అని పోట్లాడుతుంది. ఇల్లంతా మనుషులే. అయిందన్నామా, తలుపేసుకుని ఎవరి గదిలో వాళ్ళు పడుకుంటారు. నేనెందుకు చేతులారా ఆ పని చేయాలి?"

"సరే. ఆయన రేపటినుంచి ఇంట్లోనే పడుకుంటారులే. ఆనందంగా చూద్దువు గాని" అని కూతురు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మామగారు భోజనానికి లేవగానే అల్లుడు చటుక్కున కంప్యూటరు ముందుకు చేరాడు. ఖాతా తనదే, కోటు తనదే, అడ్డేముంది? గబగబా వెళ్ళి మొదటి ఇంటి ముందు పచ్చ బోర్డు పాతేశాడు. పొలిమేర బోర్డు చూసి గేటు బయటికొచ్చి గుమిగూడిన జనం అది గమనించారు.

"లోపలికైనా వెళ్ళకుండా పచ్చ బోర్డేంటి?" అన్నాడొకడు.

"గోడ కొలవలేదు, తలుపు ఊపలేదు. వీడు ఆయన కాదు!" అన్నాడింకొకడు.

"దొంగ ఇన్‌స్పెక్టరు!"

మసకపేటలో జనం చేతికి అందేవి చేపలు మాత్రమే గనక చేపలతోనే కొట్టారు. అల్లుడు కోటు దులుపుకుంటూ ఊరంతా పరిగెత్తి, పొగమంచులో దూరి, తను కట్టని వంతెన మీదినుంచి తను కట్టని చోట పడిపోయాడు. వెనక నిలబడి అంతా చూసిన మామగారు, మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకునే, "పిట్టగోడ కూడా లేదు" అన్నాడు దిగులుగా.

మర్నాడు పొద్దున అల్లుడు ఆఫీసుకు వెళ్ళే ముందే, సామాను సర్దుకోడానికి ఒక ఖాళీ సంచీ వెతికి చంకలో పెట్టుకున్నాడు. మామగారు గదిలోంచి బయటికి రాలేదు. బస్సులో కూర్చుంటే, ఇన్నాళ్ళూ తాము తెర మీద కురిపించిన వాన కంటే కిటికీ అవతలి వానే నాసిరకంగా కనిపించింది అతనికి.

ఆఫీసులో గోడ మీది పెద్ద తెర చుట్టూ అందరూ మూగి ఉన్నారు. డబ్బు పెట్టినవాళ్ళు అప్పుడే వచ్చేశారు. వాళ్ళలో పెద్దవాడు, బట్టతలాయన, తెర ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అల్లుడు కూడా చూశాడు.

దేనికీ అయిందనని ఇన్‌స్పెక్టరు కబురు రాత్రికి రాత్రే పాకినట్టుంది, గేటు లోపలా బయటా ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక జట్టు వంతెన తక్కిన సగం కోసం తాళ్ళు కట్టుకుని పొగమంచులో వెతుకుతోంది. ఇంకో జట్టు బాతుల్ని తోలుతోంది. పొయ్యిలోని పొగ ఎటు పోవాలన్న దాని మీద పదిమంది గొంతు చించుకుని వాదించుకుంటున్నారు. ఒకావిడ తన ఇంటి గోడకు ఆనుకుని అడుగులు కొలుస్తూ, "ఈసారి ఆయన వస్తే ఏ వంకా దొరకనివ్వను" అని పక్కావిడతో శపథం చేస్తోంది. కొత్తవాళ్ళు వస్తూనే, "ఇన్‌స్పెక్టరుగారు ఎక్కడ?" అని అడుగుతున్నారు. పోయేవాడు మాత్రం ఒక్కడూ కనిపించలేదు.

"ఇంత మొండి మనిషిని పెట్టి జనాన్ని ఇలా కట్టిపడేయడం! ఈ ఉపాయం ఎవరిదమ్మా?" అన్నాడు బట్టతలాయన.

మేడం చుట్టూ చూసింది. నీళ్ళమ్మాయి అల్లుణ్ణి మోచేత్తో పొడిచింది. అల్లుడు సంచీ వెనక్కి దాచి, "మా మామగారండీ" అన్నాడు.

"అంటే మీ ఇంటి మనిషేనా?" మేడం ముఖంలో అన్నాళ్ళకు వెలుగు కనిపించింది. "నాయనా, నీ ఉద్యోగానికి ఇక ఢోకా లేదు. ఆయనకు ఒక్కటే చెప్పు. ప్రాణం పోయినా సరే, దేనికీ అయింది అనకూడదు. ఆయన అయిందన్న నాడు వీళ్ళిక్కడ ఉండరు."

"ఆయనకా? చెప్పక్కర్లేదు మేడం!" అని అల్లుడు నవ్వాడు. పదిరోజుల తర్వాత నవ్విన నవ్వు. మాటవరసకు ఆ శుభవార్త చెబుదామని ఇంటికి ఫోన్ చేస్తే భార్య ఎత్తింది.

"ఏమండీ! మీకే చేయబోతున్నాను. నాన్న ఒప్పుకున్నాడండీ! పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుని, ఇందాక లేచి, 'నా రూలు కంటే అల్లుడు ఎక్కువే' అన్నాడు."

అల్లుడు అరిచాడు. "వద్దని చెప్పు! వద్దను! ప్లగ్గు పీకేయి!"

"అదేంటండీ, మనసు విరిచేస్తారు? ఆయన ఆల్రెడీ గేటు దగ్గరికి..."

పెద్ద తెర మీద జనం దారిచ్చారు. కోటు బొమ్మ వానలో మెల్లగా నడిచి గేటు ముందు ఆగింది. ఎర్ర బోర్డును ఒకసారి ముట్టుకుని చూసింది. దాని చోట పచ్చ బోర్డు పాతింది. ఆ మాట జీవితంలో మొదటిసారి రాస్తున్నాడు గనక, అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

'అయింది.'

మసకపేట అంతా చప్పట్లు. ఒకళ్ళనొకళ్ళు అభినందించుకున్నారు. గోడ కొలిచే ఆవిడ ఏడ్చేసింది. వంతెన వెతికేవాళ్ళు తాళ్ళు విప్పేశారు. "హమ్మయ్య, అయిపోయింది" అన్నారెవరో. ఇక ఒక్కొక్కళ్ళే తలుపులు వేసుకుని, దీపాలు ఆర్పుకుని, ఆటలోంచి వెళ్ళిపోయారు. చూస్తూండగానే వీధులు ఖాళీ అయ్యాయి. గేటు దగ్గర వానలో తడుస్తూ కోటు బొమ్మ ఒక్కటే మిగిలింది. దాని కాళ్ళ దగ్గర ఒక బాతు.

"మామగారూ! మళ్ళీ కాలేదని పెట్టండి! మీ కాళ్ళు పట్టుకుంటాను!" అని అల్లుడు ఫోన్‌లో మొత్తుకున్నాడు.

"అదేం మాట అల్లుడుగారూ" అన్నాడు మామగారు. "పెట్టిన బోర్డు వెనక్కి తీసుకోవడం నా సర్వీసులో లేదు."

బట్టతలాయన గొడుగు తీసుకున్నాడు. మేడం దీపాలార్పింది. తెచ్చుకున్న సంచీ అల్లుడికి పనికొచ్చింది.

జీతం లేకుండా అద్దె ఇంట్లో ఉండడం కుదరదు కదా. నెలాఖరుకు మూటాముల్లె ఒక బండికెత్తించి, ముగ్గురూ మామగారి ఇంటికి బయలుదేరారు. అప్పుడూ వానే. గేటుకు తుప్పుపట్టిన ఎర్ర బోర్డు వేలాడుతోంది. కూతురు దాన్ని చూసి, తల మీది నీళ్ళు తుడుచుకుంటూ, "నాన్నా, ఒకసారి అననే అన్నావుగా. దీన్ని కూడా అయిందను. గృహస్థుల్లా లోపలికి పోదాం" అంది.

మామగారు అల్లుడి ముఖంలోకి చూశాడు. "మీ ఊరికి పిట్టగోడ లేదు అల్లుడుగారూ. పొగ లోపలికే పోతోంది. అయినా అయిందన్నాను. ఈ జన్మకు ఆ ఒక్క అబద్ధం చాలు" అని బోర్డును సరిగ్గా నిలబెట్టి, తాళం తీశాడు. "రండి. మెట్టు చూసుకుని."

అల్లుడు చూసుకోలేదు. ఆ మెట్టు మీద తట్టుకుని సంచీతో సహా బోర్లా పడ్డాడు. అతన్ని లేపడానికి భార్య వచ్చింది, ఎత్తు చూపించడానికి మామగారు టేపు తెచ్చాడు, సామాను దింపుతున్న బండివాడు, "చెక్కేస్తే పోతుందండీ" అన్నాడు, చెక్కకూడదని మామగారు, చెక్కాల్సిందేనని కూతురు. చీకటి పడేదాకా అందరూ ఆ మెట్టు చుట్టూనే కూర్చుని వాదించుకున్నారు. తడిసిన పరుపుల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆ మెట్టు ఇప్పటికీ అలాగే ఉంది. మొన్న నేను వెళ్ళినప్పుడు కూడా అదే వాదన నడుస్తోంది, నేనూ తట్టుకుని పడ్డాను.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, మొదట్లో పందెం కాసిన ఆ మీసం.